బోర్లా మాది, వెల్లకిలా వాళ్లది

1

ఇవాళ తీర్పు వచ్చింది. మా పడమటి వీధి గెలిచింది. తూర్పు వీధి కూడా గెలిచిందట. రెండు వీధుల్లోనూ పోటీపడి బెల్లం ఉండలు పంచుకున్నారు. ఓడిపోయినవాళ్లు ఎవరూ లేని వ్యాజ్యం నా జన్మలో ఇదే చూడటం.

గాలి తలుపు కాపలాకు ఒక పుస్తకం ఉంది. తలుపు ఎప్పుడు తెరిచాం, ఎప్పుడు మూశాం, అంతవరకే అందులో రాయాలి. మిగతా వాగుడంతా రాసుకోవడానికి ఇది వేరే పెట్టుకున్నాను. ఎవరికీ చూపించే ఉద్దేశం లేదు. ఈ సలహా ఇచ్చింది నా మొగుడు పున్నయ్య, కాస్త తన చెవులకు విశ్రాంతి దొరుకుతుందని. పున్నయ్య కొండపైకి వెళ్లి, వెలుగు పలకల మీద పేరుకున్న బూడిద గోకి వస్తాడు. పలకలు మూసుకుపోతే కొండ లోపలున్న మా బొరియపాలెంలో దీపం వెలగదు. నేను గాజు నూలుతో జల్లెడ బట్ట నేస్తాను. బట్ట లేకపోతే పీల్చడానికి గాలి ఉండదు. మా ఇద్దరి మీదే ఊరు నడుస్తోందని నేనంటే, మనలాంటి జంటలు వీధి నిండా ఉన్నారులే అని నవ్వుతాడు.

గాజు నూలు నేసే చేతికి కొయ్యచెయ్యి వస్తుంది. ముందు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తరవాత మణికట్టు వాస్తుంది, ఆఖరికి గుప్పిట ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోదు. అది రాకుండా కాపాడేవి తొడుగులు. మణికట్టు దగ్గర వాటి లోపల ఒక పట్టీ ఉంటుంది. చెయ్యి తిరుగుతుంటే ఊతమిస్తుంది, తప్పుగా వంగితే బిగిసి ఆపుతుంది. మా వీధిలో ఆడా మగా అందరివీ సుహస్త కంపెనీ తొడుగులు. తూర్పు వీధి వాళ్లవి మణిబంధం కంపెనీవి. ఆ పట్టీ మాదంటే మాదని రెండు కంపెనీలూ పేటెంటు కోసం ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాయి.

చేతికి తిప్పులు రెండని కోర్టు తేల్చింది. అరచెయ్యి నేలను చూసేలా బోర్లా తిప్పడం ఒకటి, పైకప్పును చూసేలా వెల్లకిలా తిప్పడం ఒకటి. మా వీధి వాళ్లం బట్ట అంచుకు వేసే ముడి చెయ్యి బోర్లించి వేస్తాం. తూర్పు వాళ్లు వెల్లకిలా తిప్పి వేస్తారు. ఏ ముడి ముందు పుట్టిందన్న పట్టింపు మా తాతల నాటిది. కంపెనీలు సాక్షులు కావాలని అడిగేసరికి రెండు వీధులూ ఎగబడి వెళ్లాయి. మా తరఫున నేను చెప్పాను, తూర్పు తరఫున నాంచారమ్మ వదిన చెప్పింది. ఇద్దరం గట్టిగానే చెప్పాం. అందుకే ఇప్పుడు బోర్లా తిప్పు సుహస్తకు చెందింది, వెల్లకిలా తిప్పు మణిబంధానికి చెందింది.

కంపెనీల గొడవ మాకెందుకు. మా ముడి మాదని కోర్టు ఒప్పుకుంది, మాకు అది చాలు.

2

సుహస్త ఏజెంటు దివాకరం వచ్చి వెళ్లాడు. మెత్తని మనిషి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పెద్దవాళ్లందరినీ పేరుపేరునా పలకరించి గానీ పని మాట ఎత్తడు.

ఇకనుంచి ఏ కంపెనీ తొడుగూ అవతలి కంపెనీ తిప్పుకు సాయపడకూడదని తీర్పులో ఉందట. తొడుగుల్ని పడుకోబోయే ముందు కంపెనీ బిగించిన గూట్లో పెడతాం కదా, తెల్లవారేలోగా వాటికి కొద్దికొద్దిగా సర్దుబాటు అందుతుందని, మాకు తెలియనైనా తెలియదని, చెయ్యి దానంతటదే అలవాటు పడుతుందని చెప్పాడు.

ఊతం తీసేస్తారా, అడ్డం పెడతారా అని అడిగాను. దివాకరం చేతిలోని బెల్లం ఉండవైపు చూశాడు.

"రెండింటికీ పెద్ద తేడా ఏం లేదమ్మా," అన్నాడు.

3

ఈ నెల తలుపు కాపలా తూర్పు వీధిది. అంటే నాంచారమ్మ వదినది. వీధుల్లోకి బూడిద వస్తోంది. కుండల మూతల మీద, మగ్గాల మీద, పడుకున్న పిల్లల కనురెప్పల మీద సన్నగా పేరుకుంటోంది. ఊరంతా దగ్గుతోంది.

వెళ్లి చూశాను. తలుపు కాస్త తెరిచే ఉంది. సందుకు అడ్డంగా జల్లెడ బట్ట కట్టి ఉంది. తలుపు మూసే ఓపిక లేని మనిషికి కాపలా ఎందుకని వదినను నలుగురిలో కడిగేశాను. నేను ఒకటంటే పది అనే మనిషి ఆమె. చేతులు కొంగు కింద దాచుకుని నేల చూపులు చూసింది.

"మూశాలే. గాలికి ఊడిందేమో," అంది, అంతే.

గెలిచి వచ్చాననుకున్నాను గానీ ఇంటికొచ్చాక నాకేం బాగాలేదు. తీర్పు రాకముందు మేం ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం.

4

కాపలా నా వంతుకు వచ్చింది. మాటలు లేవు గనక వదిన తాళపు గొలుసు రాతి మీద పెట్టి వెళ్లిపోయింది.

గాలి తలుపు సంగతి కొత్తగా కాపలాకొచ్చే వాళ్లకు ఇలా చెబుతాం. గోడలో మోచేతి లోతున ఒక బొక్క ఉంటుంది. దాని చివర ఇనుప పిడి. అది కుడిచేతి అచ్చుతో పోసిన పిడి, ఎడమ చెయ్యి అందులో పట్టదు. బొక్క ఇరుకు గనక భుజం బలం పనికిరాదు, గునపాలూ కర్రలూ దూరవు. కొండ తొలిచిన వాళ్లు దొంగల భయంతో అలా కట్టారు. పిడిని పట్టుకుని మణికట్టు ఒక్కటే తిప్పాలి. వెల్లకిలా తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, బోర్లా తిప్పితే మూసుకుంటుంది. పిల్లల చెయ్యి అందదు, ముసలివాళ్ల చెయ్యి తిరగదు.

పొద్దున గోకుడు వాళ్లను బయటికి పంపడానికి తెరిచాను. చెయ్యి సగంలో ఆగింది. ఇంకొంచెం నెట్టాను, తిరిగింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. ఎవరో మర్యాదగా నా మణికట్టు పట్టుకుని, వద్దులేమ్మా, అన్నట్టుంది.

మూసేటప్పుడు మాత్రం హాయిగా తిరిగింది.

5

తొడుగు తీసి చూసుకున్నాను. తీసినా అంతే. అరచెయ్యి గోడవైపు దాకా తిరిగి అక్కడ ఆగిపోతోంది. వాపు లేదు, తిమ్మిరి లేదు. అయినా ఇది కొయ్యచెయ్యి కాకపోతే మరేమిటి?

అన్నం ముద్ద నోటి దాకా రావాలంటే అరచెయ్యి కాస్త పైకి తిరగాలి. ఇన్నేళ్లుగా తింటున్నాను, ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు. ఇవాళ నోటినే పళ్లెం దాకా వంచాల్సి వచ్చింది.

"పళ్లెంలో మొహం చూసుకుంటన్నావా?" అని పున్నయ్య వేళాకోళమాడాడు. తను గరిటెతో తింటున్నాడు. చేతులకు బూడిద వదలడం లేదట.

అతనికి చెప్పలేదు. కొయ్యచెయ్యి వచ్చిందని తెలిస్తే వీధి పెద్దలు మగ్గం విప్పించి ఇంకొకరికి ఇస్తారు. ఆ మనిషి అంచు ముడి వేసిన బట్ట అపశకునమంటారు. పిల్లల తలకు నూనె రాయనివ్వరు. మా అత్తను అలా కూచోబెట్టినప్పుడు ఆమె చివరిదాకా చేతులు చీర మడతల్లో పెట్టుకునే బతికింది. నాకు భయంగా ఉంది. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఆ మాట అనలేను.

6

ఇవాళ చౌడమ్మ అరుగు దగ్గర పూజ. తీర్థం పుచ్చుకోవడానికి చెయ్యి పట్టలేనని చిన్న గిన్నె తీసుకెళ్లాను. ఎవరైనా అడిగితే చేతులు మురికిగా ఉన్నాయని చెబుదామనుకున్నాను.

మా వీధి ఆడవాళ్లందరి చేతుల్లోనూ గిన్నెలున్నాయి. ఒకామె ఇత్తడిది, ఒకామె కొబ్బరి చిప్ప, సుబ్బాయమ్మ పెద్దమ్మ ఏకంగా మూత ఉన్న డబ్బా తెచ్చింది. శుభ్రంగా ఉంటుందని ఒకరు, ఇంటికి పట్టుకుపోవచ్చని ఇంకొకరు. మంచి పద్ధతేనని అందరం తలలూపాం. ముసలి అర్చకుడు మాత్రం మమ్మల్ని వింతగా చూశాడు.

నాకు నవ్వు రావాల్సింది. గిన్నె పట్టుకున్న నా చెయ్యి ఎవరి కంట పడుతుందోనన్న భయంలో నవ్వు రాలేదు. మిగతా వాళ్ల చేతుల వైపు చూడాలని కూడా తోచలేదు.

ఆ పక్కన తూర్పు వాళ్లు దోసిళ్లు పట్టి చక్కగా తాగారు. పూజ అయ్యాక ప్రసాదం వడ్డించే వంతు వాళ్లది. గరిటె ఎవరూ ముట్టుకోలేదు. గిన్నెలు మధ్యలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోండన్నారు. ఎంత పొగరో అని మా వాళ్లు సణిగారు. నేనూ సణిగాను.

7

పొద్దున తలుపు తెరవడానికి ప్రాణం పోయినంత పనైంది. పళ్లు బిగబట్టి, ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, ఒళ్లంతా మెలితిప్పితే కాస్త కదిలింది. వెనక నిలబడ్డ గోకుడు వాళ్లు ఆలస్యమేమిటని అడిగారు. పిడి తుప్పు పట్టిందని చెప్పాను.

సాయంత్రం వాళ్లకోసం మళ్లీ తెరవగలనన్న నమ్మకం లేదు. అందుకని మూయలేదు. తెరిచినదాన్ని తెరిచినట్టే వదిలి, సందుకు జల్లెడ బట్ట కట్టాను. కట్టాక కాసేపు అక్కడే నిలబడిపోయాను. వదిన కట్టిన మేకులే అవి.

ఆమెకు ఓపిక లేక కాదేమో అని మొదటిసారి అనిపించింది. అయినా నాకు తెరవడం కష్టమైతే, ఆమె మూయకపోవడం ఏమిటి? అర్థం కాలేదు. వెళ్లి అడుగుదామంటే మొహం చెల్లలేదు.

8

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం గాలి గంట మోగింది. బూడిద గాలి లేచిందంటే ఏ పని మీదున్నా ముందు తలుపు మూయాలి. లేకపోతే గడియలో ఊరు ఊపిరాడక చస్తుంది. గోకుడు వాళ్లు పరుగున లోపలికి వచ్చారు. బట్ట పీకి పారేసి బొక్కలో చెయ్యి పెట్టాను. పిడి వెన్నలా తిరిగింది. తలుపు మూసుకుంది.

వచ్చినవాళ్లలో పున్నయ్య లేడు.

అతను దూరపు పలక మీద ఉన్నాడని, వెనకే వస్తున్నాడనుకున్నామని చెప్పారు. తప్పిపోయినవాళ్ల కోసం తలుపు ఒక్క రెప్పపాటు తెరిచి మూయడం కాపలాదారు ఇష్టం. ఇంతవరకు తెరవనన్న కాపలాదారు మా ఊళ్లో లేదు.

తలుపు మీద తట్టిన చప్పుడైంది. అతని తట్టుడు నాకు తెలుసు, ఇంటికొచ్చినప్పుడూ అంతే, రెండుసార్లు తట్టి ఆగుతాడు. చెయ్యి పెట్టి తిప్పాను. తిరగలేదు. ఒళ్లంతా మెలితిప్పాను. తిరగలేదు. తొడుగు పీకేసి వట్టి చేత్తో పట్టుకున్నాను. నా సొంత చెయ్యి, నా సొంత ఎముకలు, నా మాట వినలేదు. మేకు కొట్టినట్టు అక్కడే ఆగిపోయింది.

"రత్నం, తెరువు," అని ఇనుము అవతల నుంచి సన్నగా వినిపించింది. తరవాత దగ్గు.

అరిచాను. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. ఎవరైనా తిప్పండి, నా చేత కావడం లేదన్నాను. ఒకామెకు నడుం పట్టేసిందట. ఒకామె చంకలో పిల్ల ఉందట. లోపలికొచ్చిన మగవాళ్లు తలుపు వంక చూస్తారు, వాళ్ల చేతుల వంక చూసుకుంటారు, ముందుకు రారు. పున్నయ్యతో కలిసి పెరిగిన వాళ్లు! అప్పుడు నాకు భయం కన్నా కోపం ఎక్కువైంది. ఇక దాచడానికి ఏం మిగిలింది? కుడి చెయ్యి ముందుకు చాపాను.

"నా చెయ్యి వెల్లకిలా తిరగట్లేదు. కొయ్యచెయ్యనుకోండి, ఏమన్నా అనుకోండి, రేపు మగ్గం పీక్కుపోండి. ఇప్పుడు నా మొగుణ్ని లోపలికి తీసుకురండి," అన్నాను.

సుబ్బాయమ్మ పెద్దమ్మ నా పక్కకొచ్చి తన చెయ్యి చాపింది. "నాదీ తిరగదే," అంది. ఆ తరవాత ఒక్కొక్కరే చాపారు. నడుం పట్టేసినామె, పిల్లనెత్తుకున్నామె, మగవాళ్లు. అన్ని చేతులూ బోర్లానే ఉన్నాయి. ఒక్క అరచెయ్యీ కనబడలేదు.

ఇన్నాళ్లూ ఒక్కదాన్నే అనుకుని చచ్చాను. అందరూ ఒక్కదాన్నే అనుకుని చచ్చారు. అందరికీ ఒకేసారి, ఒకేచోట ఆగిపోయే రోగం ఉండదు. నాకప్పుడు గిన్నెలు గుర్తొచ్చాయి, పున్నయ్య గరిటె గుర్తొచ్చింది, దివాకరం మాట గుర్తొచ్చింది. వెల్లకిలా తిప్పు మాది కాదు. మాది కాదని మేమే సాక్ష్యం చెప్పి వచ్చాం.

మరి అది ఎవరిది?

తూర్పు వీధికి పరుగెత్తాను. నాంచారమ్మ వదిన గుమ్మంలోనే ఉంది. ఆ గుమ్మం తొక్కనని తీర్పు నాడు నేనే అన్నాను. తొక్కాను.

"వదినా, పున్నయ్య బయట ఉండిపోయాడు. మాకెవరికీ తెరవడం రావట్లేదు."

ఆమె చేస్తున్న పని వదిలేసి లేచింది. నా వెంట నడుస్తూనే చెప్పింది. "తెరుస్తా. మూయడం మాత్రం నా వల్ల కాదు రత్తమ్మా. పోయిన నెల గుడ్డ కట్టింది అందుకే. అందరిలో తిడుతుంటే ఏం చెప్పమంటావు, చెయ్యి పోయిందని చెప్పమంటావా?"

"మూసేది నేను చూసుకుంటా," అన్నాను.

మేం చేరేసరికి తలుపు మీద తట్టుడు ఆగిపోయింది. వదిన బొక్కలో చెయ్యి పెట్టింది. ఒక్క తిప్పు. తలుపు తెరుచుకోగానే బూడిద మీదపడింది. కళ్లు కనబడలేదు, ఊపిరి అందలేదు. కాళ్ల దగ్గర ఏదో మెత్తగా తగిలింది. మగవాళ్లు అతన్ని చంకల కింద పట్టి లాగారు. మూయమని వెనక నుంచి అరుస్తున్నారు. వదిన చెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆమె తిప్పాలని చూస్తోంది, తిరగడం లేదు. ఆమె మోచెయ్యి పట్టి బయటికి లాగి, అదే బొక్కలో నా చెయ్యి దూర్చాను. పిడి ఆమె చేతి వేడితో ఉంది. తిప్పాను.

తలుపు మూసుకుంది. అక్కడే కూలబడి ఇద్దరం ఒకరి మొహం మీది బూడిద ఒకరు తుడుచుకున్నాం. నేను బోర్లా చేత్తో, ఆమె వెల్లకిలా చేత్తో.

పున్నయ్య ఊపిరి తీస్తున్నాడు. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు చేస్తోంది ఆ ఊపిరి. అయినా తీస్తున్నాడు.

9

తీర్పు తరవాత రెండు వీధుల వాళ్లమూ మొదటిసారి ఒకచోట కూచున్నాం. అందరి చేతులూ చూసుకున్నాం. మాకు పుచ్చుకోవడం రాదు. వాళ్లకు వడ్డించడం రాదు, పిల్లల వీపు జోకొట్టడం రాదు, నీళ్లు వంచడం రాదు. ప్రసాదం గిన్నెలు మధ్యలో పెట్టింది పొగరుతో కాదు. వాళ్లలోనూ ప్రతి ఇంట్లోనూ కొయ్యచెయ్యనే భయపడి దాచుకున్నారు. అది చెబుతూ వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నలుగురిలో తిట్టాను గనక నలుగురిలోనే ఆమె కాళ్లు పట్టుకున్నాను.

పిలిపిస్తే దివాకరం వచ్చాడు. మొగాడివైతే నిజం చెప్పమంది సుబ్బాయమ్మ పెద్దమ్మ. పట్టీని తీసేస్తే తొడుగే పనికిరాదని, అందుకని అవతలి వాళ్ల తిప్పు వచ్చినప్పుడల్లా తెలిసీ తెలియనంత మెల్లగా ఎదురు నెట్టేలా సర్దారని చెప్పాడు. రోజంతా నెడుతుంటే చెయ్యి నేర్చుకుంటుందట. మేకను చాలాకాలం ఒకే కొయ్యకు కట్టేస్తే తాడు విప్పినా అక్కడే తిరుగుతుంది, అలాంటిదేనన్నాడు.

మళ్లీ మామూలవుతుందా అని అడిగాను. ఎవరూ చూడలేదన్నాడు. అసలు ఎవరూ తొడుగు విప్పి ఉండలేదట ఇప్పటిదాకా.

వదిన అతనికి మంచినీళ్ల చెంబు అందించబోయి ఆగిపోయింది. నేను తీసుకుని ఇచ్చాను. దివాకరం చెంబును పైనుంచి, అంచు పట్టుకుని అందుకున్నాడు. అతని అరచెయ్యి కూడా మాకు కనబడలేదు. అతని మీద కోపం పెట్టుకుందామంటే ఆ చెయ్యి చూశాక కుదరలేదు.

10

తొడుగులు విప్పేశాం, రెండు వీధులూ. తలుపు దగ్గర ఇకనుంచి జంట కాపలా, మా నుంచి ఒకరు, వాళ్ల నుంచి ఒకరు. నేతలో వేగం తగ్గించాం. మణికట్లకు పాత గుడ్డ చుట్టుకుంటున్నాం. అది ఎంతవరకు కాపాడుతుందో తెలియదు. తొడుగుంటే చెయ్యి మనది కాదు, లేకపోతే కొయ్యచెయ్యి. నేయకపోతే గాలి లేదు. ఎటు చూసినా భయంగానే ఉంది, కాకపోతే ఇప్పుడు అందరం కలిసి భయపడుతున్నాం.

పున్నయ్య మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పే ప్రయత్నం చేస్తాడు. అతనిదీ తిరగదు గనక రెండు చేతుల మధ్య నా చేతిని పెట్టి పిండుతున్నట్టు తిప్పుతాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందంటాడు. నాకేం కనబడలేదు. ఉందనే అన్నాను.

పొద్దున లేచేసరికి నా చెయ్యి గూట్లో ఉన్న తొడుగు మీద ఉంది. నేను పెట్టలేదు. పెట్టినట్టు గుర్తులేదు. తొడుగులన్నీ మూటగట్టి సుబ్బాయమ్మ పెద్దమ్మ ఇంట్లో పడేయించాను.

11

కంపెనీలు రెండూ రాజీపడ్డాయి. గోడ రేడియోలో పొద్దున్నుంచీ అదే చెబుతున్నారు.

దివాకరం వచ్చాడు. ఈసారి అతని పక్కన మణిబంధం ఏజెంటు కూడా ఉన్నాడు, ఇద్దరి మధ్యా ఒక పెట్టె. అరుగు దగ్గర రెండు వీధులనూ కూచోబెట్టారు. బూడిద గాలి నాడు మేం చేసింది పైదాకా వెళ్లిందట. ఇద్దరు మనుషులు ఒకే పిడిని, ఒకరి తరవాత ఒకరు, చెరో తిప్పు తిప్పడం ఇంతకుముందు ఎక్కడా లేని పద్ధతట. దానికి కొత్త పేటెంటు వేస్తున్నారు. పెట్టెలో ఉన్నవి జంట తొడుగులు. ఒకటి నాకు, ఒకటి వదినకు అనుకోండి, రెండూ దగ్గరగా ఉంటేనే ఊతమిస్తాయి. విడిగా ఉంటే బిగుసుకుంటాయి.

విడిగా ఉంటే అంటే ఎంత దూరం అని ఎవరో అడిగారు. అది తరవాత సర్దుబాటు చేస్తామన్నాడు మణిబంధం ఏజెంటు.

వదిన పడుకుంటే నేను ముద్ద తినగలనా? ఆమె చచ్చిపోతే?

పేటెంటులో ఎవరి వాటా పెద్దదో తేలడానికి ఒక్క సాక్ష్యం కావాలన్నాడు దివాకరం. పక్కవాడు చూస్తుంటే తప్పక అడిగాడు.

"ఆ రోజు పిడి మీద ముందు పడింది ఎవరి చెయ్యమ్మా? పడమటి వీధిదా, తూర్పు వీధిదా?"

ఇదే ప్రశ్న తీర్పుకు ముందు అడిగి ఉంటే రెండు వీధులూ అరుగు ఎక్కి అరిచేవి. నేనే అందరికన్నా ముందు అరిచేదాన్ని. ముందు పిడి పట్టుకుంది నేను, నా చేత కాలేదు. తెరిచింది వదిన. అందరూ చూశారు. అందరికీ తెలుసు.

వదిన నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"గుర్తులేదయ్యా," అంది వదిన.

"బూడిదలో ఏం కనబడిందని," అన్నాను నేను.

సుబ్బాయమ్మ పెద్దమ్మకూ గుర్తులేదు. నడుం పట్టేసినామెకూ గుర్తులేదు. అరుగు చుట్టూ ఒక్కొక్కరినీ అడిగారు. అంచు ముడి ఏ తాత వేశాడో ఊరూ పేరూ చెప్పగల మా వాళ్లలో ఒక్కరికి కూడా మొన్నటి సంగతి గుర్తులేకపోయింది. ఆ రోజుదంతా రాసిన ఈ కాగితాలు పున్నయ్య తలగడ కింద ఉంటాయి, అవి నేను చెప్పేదాకా ఎవరికీ తెలియవు.

మణిబంధం ఏజెంటు విసుక్కుని పెట్టె తెరిచాడు. సరే, సాక్ష్యం మాట తరవాత, ముందు ఇవి పుచ్చుకోండని ఒక జత తీసి నా ముందు పట్టాడు. కొత్తవి, లేత పసుపు రంగు, లోపల మెత్తగా ఉన్నాయి. నా మణికట్టు నిన్నటి నుంచి సలుపుతోంది. చిటికెన వేలికి పొద్దున్నే తిమ్మిరెక్కింది. అది నిజంగా మొదలైందేమో. ఆ తొడుగు వేసుకుంటే సలుపు తగ్గుతుందని నా చేతికి తెలుసు.

పుచ్చుకోవడానికి నాకు చెయ్యి తిరగదు. దివాకరానికి ఆ సంగతి తెలుసు, నా కళ్లలోకి చూడలేదు. అప్పుడు ఏజెంటు ఆ జతను వదిన ముందుకు జరిపాడు. ఆమెకు చెయ్యి చాపడం వచ్చు. తూర్పు వీధి మొత్తానికి వచ్చింది అదొక్కటే.

వదిన చెయ్యి చాపింది. అతని వైపు కాదు, నా వైపు. నేను నా చెయ్యి ఆమె అరచేతిలో బోర్లా పెట్టాను.

పెట్టె అరుగు మీదే వదిలి వాళ్లు వెళ్లిపోయారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ అక్కడి నుంచి కదలనూ లేదు. రేపు కాపలా వంతు మా ఇద్దరిదే. గాలి లేవకుండా ఉంటే బాగుండు.